కట్టేశారా?

మోయినుద్దీన్‌గారు ఫోను చేస్తే రెండో మాట వినే యోగం ఎవరికీ ఉండదని ఆయన దగ్గర లెక్కలు రాయించుకునే చిన్న వర్తకుల్లో ఒక వేళాకోళం ఉండేది. "పంపారా?" అంటాడు. పంపామంటే పెట్టేస్తాడు. "వచ్చిందా?" అంటాడు. రాలేదంటే, "రేపు చేస్తా" అని పెట్టేస్తాడు. పంపాల్సింది ఏమిటో, రావాల్సింది ఎక్కణ్ణుంచో అవతలివాళ్ళకి తెలిసే ఉండాలి. ద్వారకా తిరుమలలో కొండకింద బొమ్మలూ కుంకుమా అమ్మే బుచ్చిబాబు ఆ గొంతును అచ్చు దింపేసేవాడు. ఒక శనివారం కొట్టుముందు నలుగుర్ని పోగేసుకుని, చెవిదగ్గర చెయ్యి పెట్టి, "అయిందా?" అని ముక్కుతో అంటూ ఉండగా వెనకనుంచి మోయిన్ వచ్చి, "అవలేదు. నీ గల్లాలోంచి మీ బావమరిది తీసుకెళ్ళిన నోటు ఇంకా తిరిగి రాలేదు" అన్నాడు. అందరికంటే గట్టిగా బుచ్చిబాబే నవ్వాడు.

ఈ వేళాకోళాలు మోయిన్‌కి పైకి విసుగే గాని లోలోపల ఇష్టంగానే ఉండేవి. తక్కువ మాటల్లో ఎక్కువ పని జరుగుతోందనే కదా వాటి అర్థం!

ఆయన పుట్టింది ఏలూరు తంగెళ్ళమూడిలో, తివాచీలు నేసే ఇంట్లో. తండ్రి బతికినంతకాలం మగ్గం ముందే కూర్చున్నాడు. ఏ తివాచీ మీద ఎంత మిగిలిందో ఒక్కసారి కూడా చెప్పలేకపోయాడు. ఎవరైనా అడిగితే "దేవుడి దయవల్ల గడిచిపోతోందండీ" అనేవాడు. కొడుకు బి.కాం. చదివి, తాడేపల్లిగూడెంలో ఒక పప్పుల మిల్లులో గుమాస్తాగా తల నెరిసేదాకా పనిచేశాడు. మిల్లు చేతులు మారాక ఊరికి తిరిగొచ్చి, పవర్‌పేటలో ఒక జెరాక్సు షాపు మేడమీద గది అద్దెకి తీసుకున్నాడు. ఆడిటరుగారూ అని ఎవరైనా అంటే వెంటనే దిద్దేవాడు: "ఆడిటరుని కాదు. లెక్కలు తెలిసినవాణ్ణి, అంతే." కానీ ఆడిటర్లు చెయ్యని పని ఆయన చేసేవాడు. కొట్టుదాకా వెళ్ళి, కుర్చీ వేయించుకుని కూర్చుని, ఇంటి డబ్బు వేరు, కొట్టు డబ్బు వేరు అని నూరిపోసేవాడు. "కొట్లో నువ్వు కూడా కూలివాడివే. నీకు నువ్వు జీతం ఇచ్చుకో. అది దాటి గల్లాలో చెయ్యి పెడితే దొంగతనం కిందే లెక్క" అనేవాడు. సరుకు ఎప్పుడు కొనాలి, ఎవరికి అరువివ్వకూడదు, ఏ పన్ను ఏ తారీఖులోగా కట్టాలి, అన్నీ ఆయనే చూసేవాడు. ఆయన మాట విని బాగుపడినవాళ్ళు ఏలూరు నుంచి కొల్లేటి అంచుదాకా ఉన్నారు.

అలా బాగుపడినవాళ్ళలో మండవల్లి హెప్సిబా ఒకతె. కైకలూరులో ఒక పెద్ద కొట్లో కూలికి వలలు కట్టేది. చేపల చెరువులకు వాడే లాగుడు వలలు. నైలాను వల కట్టలుగా వస్తుంది. దాని పైతాడుకి బెండ్లు, కిందితాడుకి సీసపు గుళ్ళు కట్టి, నీళ్ళలో నిలువుగా నిలబడేటట్టు చెయ్యడం వీళ్ళ పని. ఎవరికిందో ఎన్నాళ్ళని అనుకుని, మండవల్లి రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఒకటి తీసుకుని సొంతంగా మొదలుపెట్టింది. మొదటి ఏడు ఎంత అమ్మినా చేతిలో ఏమీ మిగల్లేదు. ఎవరో చెబితే ఏలూరు వచ్చి మోయిన్ మేడమెట్లెక్కింది. ఆయన వెళ్ళి చూసి, ఆమె వల ధర కట్టేటప్పుడు నైలానూ తాడూ లెక్క వేసుకుంటోంది గాని, తన కూలి లెక్క వేసుకోవడం లేదని పట్టుకున్నాడు. ధరలు మార్పించాడు. ఆమె డ్వాక్రా గ్రూపులో ఆడవాళ్ళందరి చేతా ఈ కొట్టుకే అప్పు తీయించి, వాళ్ళనే పనిలోకి పెట్టించాడు. "నైలాను సరుకు, రేకుల షెడ్డు. నిప్పురవ్వ చాలు" అని భయపెట్టి సరుకుమీద ఇన్సూరెన్సు చేయించాడు.

"ఏడాదికోసారి కైకలూరు ఆఫీసుకెళ్ళి కట్టాలమ్మా. గడువు వచ్చినప్పుడు నేను గుర్తు చేస్తాను. మీరు దానిగురించి ఆలోచన పెట్టుకోకండి."

"అలాగేనండీ. మీరు చెప్పాక ఇంక మాకు ఆలోచనేంటండీ!"

అప్పట్నుంచి ఆమె దేనికైనా "సార్ చెప్పారండీ" అనేది. బెండ్లు అమ్మేవాడు రేటు పెంచితే, "సార్ ఒప్పుకోరండీ" అనేది. మోయిన్ వెళ్ళినప్పుడల్లా షెడ్డు గుమ్మంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసేది. వెలుతురు కోసం ఆయన దాన్ని రోడ్డువైపు తిప్పుకుని కాగితాలు చూసేవాడు. వెనక ఆడవాళ్ళు నేలమీద బారులు తీరి కూర్చుని వలలు కడుతూ, నవ్వుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు దెప్పుకుంటూ ఉండేవాళ్ళు. హెప్సిబా టీ తెచ్చి పక్కన నిలబడి ఏవేవో చెబుతూ ఉండేది. ఆయన కాగితంమీంచి తల ఎత్తకుండానే "ఊఁ" కొట్టేవాడు.

మూడో ఏడు ఇన్సూరెన్సు గడువు వేసవి చివర్లో వచ్చింది. పన్నుల రిటర్నులు దాఖలు చేసే రోజులు కూడా అవే కావడంతో మోయిన్ సాయంత్రమంతా ఫోను దగ్గరే ఉన్నాడు. వరసలో ఆమె వంతు వచ్చింది.

"హెప్సిబాగారూ, కట్టేశారా?"

అవతల ఆడవాళ్ళ కేరింతలు, ఎవరో చప్పట్లు కొడుతున్న మోత.

"ఆయ్! ఇంతకుముందేనండీ, ఇప్పుడే కట్టేశాం. చేతులు పడిపోయాయండీ బాబూ!"

మోయిన్ నవ్వాడు. డబ్బు కట్టి వచ్చినవాళ్ళందరూ ఇలాంటి మాటే అంటారు. "ఎవరికైనా అంతేనమ్మా. కట్టేదాకా బరువు, కట్టేశాక హాయి."

"మరేనండీ! మీరు అడిగారని మావాళ్ళకి చెప్తానుండండీ, ఒక్క..."

ఆ మాట సగంలో ఉండగానే ఆయన ఫోను పెట్టేశాడు.

తరవాత ముసురు పట్టింది. షెడ్డు గోడలోకి నీరు దిగి, ఒక ఆదివారం అందరూ ఆరాధనలో ఉండగా కరెంటు తీగ దగ్గర అంటుకుంది. వీధివాళ్ళు చూసి తాళం పగలగొట్టేసరికే లోపల సరుకంతా అయిపోయింది. నైలాను బూడిద కాలేదు, కరిగింది. కట్టిన వలలు, కట్టాల్సిన వలలు, బెండ్లు, తాళ్ళు అన్నీ కలిసి ఒక నల్లబండలా నేలకి అంటుకుపోయాయి.

మర్నాడే మోయిన్ వచ్చాడు. ఆడవాళ్ళు షెడ్డుముందు కూలబడి ఉన్నారు. ఆయన్ని చూసి హెప్సిబా ఒక్కసారి ఏడ్చింది.

"ఊరుకోండమ్మా. ఇలాంటి రోజు కోసమే కదా అది చేయించింది" అన్నాడాయన, అందరికీ వినపడేలా. ఆడవాళ్ళ ముఖాలు తేటపడ్డాయి. "రసీదు ఇలా ఇవ్వండి. ఈరోజే కాగితాలు పెట్టేద్దాం."

"ఏ రసీదండీ?"

"ఇన్సూరెన్సు రసీదమ్మా. ఈ ఏడాదిది."

"ఈ ఏడు ఇంకా మీరు చెప్పలేదు కదండీ. మీరు ఎప్పుడు చెప్తారా అని..."

 మోయిన్ గొంతు లేచింది. "చెప్పకపోవడమేంటమ్మా? ఫోను చేసి అడిగాను. కట్టేశామన్నారు."

"నేనన్నానాండీ?"

"మీరే. నాకు బాగా గుర్తు."

హెప్సిబా ఆయన ముఖంలోకి చూసింది. తరవాత నల్లబండకేసి చూసింది. ఎంత వెతుక్కున్నా ఆమెకి ఆ మాట దొరకలేదని తెలుస్తూనే ఉంది. కానీ ఎదురుగా ఉన్నది పెద్దాయన. "అయితే అనే ఉంటానండీ. ఏ ధ్యాసలో ఉండి అన్నానో" అంది.

ఆ మాటతో మోయిన్ గుండెమీంచి ఏదో దిగిపోయింది. దిగిపోయిన సుఖంలో ఇంకో మాట కూడా అన్నాడు. "వ్యాపారంలో నోటిమాట చెల్లదమ్మా. ఎన్నిసార్లు చెప్పాను!"

వెనక ఎవరో అన్నారు, "కట్టకుండానే కట్టానందా? మా అందరి అప్పూ నెత్తిన పెట్టుకుని?" ఇంకొకరు లేచి చీర దులుపుకుని వెళ్ళిపోయారు. మోయిన్ బస్సు వేళ చూసుకున్నాడు.

హెప్సిబా మొగుడు విశ్వాసం చేపల లారీ నడుపుతాడు. కొల్లేటి చేప ఐసులో పెట్టుకుని అస్సాందాకా పోయే లారీ. సంగతి తెలిసేసరికి గౌహతిలో ఉన్నాడు. తిరిగొచ్చాక, కట్టిందో లేదో తెలియనిదానికి కొట్టెందుకని, షెడ్డు కూల్‌డ్రింకుల వ్యాపారికి ఇచ్చేందుకు మాట ఇచ్చేశాడు. హెప్సిబా ఫోను చేసింది. "కొట్టు తీసేస్తున్నామండీ. ఆ రిజిస్ట్రేషనేదో రద్దు చేయించండి."

"అలాగేనమ్మా. ఏం చేస్తాం" అన్నాడు మోయిన్. నిజంగానే జాలిపడ్డాడు. మంచి చెయ్యి, కాస్త ధ్యాస తక్కువ అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం పుష్పమ్మ ఆయన గదికి వచ్చింది. హెప్సిబా దగ్గర వలలు కట్టినవాళ్ళలో వయసులో పెద్దది, నోరున్న మనిషి. ఆస్పత్రి పనిమీద ఏలూరు వచ్చి, గ్రూపు అప్పు వాయిదాకి గడువు అడుగుతూ బ్యాంకుకి ఒక అర్జీ రాయించుకుందామని మేడెక్కింది.

"ఎక్కడి మెట్లండీ బాబూ ఇవి! సరాసరి పరలోకానికి వేసినట్టున్నారు" అని గుమ్మంలో కూలబడింది. ఇప్పుడు కలిదిండిలో రొయ్యలు ఒలిచే షెడ్డుకి పోతోంది. ఐసులో నాని వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. మోయిన్ అర్జీ రాస్తున్నాడు. ఆమె మాట్లాడుతూనే ఉంది.

"ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకోవట్లేదండీ ఇప్పుడు. హెప్సిబా చర్చిలో కూడా ఎనకాల కూర్చుంటంది. ఎట్టా ఉండేవాళ్ళమండీ! పెద్దవల కట్టిన రోజు మీరు చూడాల్సింది. అన్నట్టు మీకు తెలుసు కదా, మీరే ఫోను చేశారు. ఆ ఇన్సూరెన్సు ఫోను కాదండీ, ఇది వేరే."

మోయిన్ కలం ఆగింది. "నేనా?"

"మరేనండీ. కట్టేశారా అని అడిగారు కదా? కలిదిండి చెరువు పట్టుబడికని ఆర్డరిచ్చిన వల. అంత పెద్దది మేమెప్పుడూ కట్టలా. తిండీ తిప్పలూ మానేసి కూర్చున్నాం. ఆఖరి గుండు కట్టి అట్టా నడుం ఎత్తామో లేదో, మీ ఫోను! హెప్సిబా గెంతిందండీ. 'ఒసే, సార్‌కి మన వల గుర్తుందే, పనిగట్టుకుని అడిగారే' అని. మా పని గురించి అడిగినోడెవడండీ? కొనేవాడు రేటు అడుగుతాడు. బ్యాంకోడు వాయిదా అడుగుతాడు. కట్టేశారా అని అడిగింది మీరొక్కరే. ఆ రోజు అందరికీ సోడాలు తాగించిందండీ, మీ పేరు చెప్పి."

మోయిన్ మళ్ళీ కాగితంమీదికి వంగాడు. అర్జీ పూర్తిచేసి చేతికిచ్చి, "ఆధార్ జెరాక్సు కింద తీయించుకోండి" అన్నాడు.

"ఎంతండీ?"

"ఏమీ వద్దు."

"పెద్ద మనసండీ మీది" అని పుష్పమ్మ మెట్లు దిగింది. అప్పుడైనా పిలిచి చెప్పొచ్చు. అడుగుల చప్పుడు కింద వీధిలో కలిసిపోయేదాకా ఆయన కుర్చీలోంచి కదల్లేదు. డబ్బు కడతారు, వల కడతారు. పుట్టినప్పట్నుంచీ మాట్లాడుతున్న భాష. చేతులు పడిపోయాయని ఆమె ఉన్నమాట చెబితే, తాను దాన్ని వేళాకోళం అనుకుని నవ్వాడు. ఆమె పూర్తిచెయ్యబోయిన మాటని సగంలో తెంపాడు. అవి ఒక ఎత్తు. "నాకు బాగా గుర్తు" అని నలుగురిలో అన్నప్పుడు తన గొంతులో ఉన్న ధీమా తలుచుకుంటే, ఒంటరిగా ఉన్న గదిలో కూడా తల ఎత్తాలనిపించలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళి పళ్ళెం ముందు కూర్చున్నాడు.

"పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయానండీ. మీరు తినేస్తున్నారు" అంది ఆయన భార్య మెహర్.

అప్పుడు చెప్పాడు. ఓదారుస్తుందని చెప్పాడేమో కూడా. మెహర్ ఓదార్చలేదు.

"మీరు రోజూ ఫోను చేసి నన్ను 'అయిందా?' అంటారు. వంటయిందా అనో, మోకాలికి కట్టు మార్చడం అయిందా అనో, నమాజయిందా అనో, నాకేం తెలుస్తుంది? 'అయింది' అంటాను. పెళ్ళయిన కాణ్ణుంచీ అంటున్నాను. ఏం అడిగారండీ అని అడిగితే మీకు విసుగు కదా!"

"ఎన్నడూ అనలేదే నాతో?"

"మీరు పెట్టేస్తే ఎవరితో అననూ? సరే, ఆ అమ్మాయికి ఎప్పుడు చెప్తారు?"

"చూద్దాం."

"చూద్దామంటే మన వైపు వద్దని అర్థం."

"పుష్పమ్మ చేత కొంత డబ్బు పంపిద్దామనుకుంటున్నా. నేను పంపినట్టు తెలియకుండా."

మెహర్ గిన్నె దింపింది. "డబ్బు పంపి? అబద్ధాలకోరు అన్నారుగా, ఆ పేరు అలాగే ఉంచుతారా ఆ పిల్లకి?"

అయినా ఆయన వెంటనే వెళ్ళలేదు. ఫోను తీసేవాడు, పెట్టేసేవాడు. ఇంత సంగతి ఫోనులో ఎలా చెప్పడం అనుకునేవాడు. ఎలాగూ పోయిన సరుకు పోయింది, ఇప్పుడు చెబితే వస్తుందా అనుకునేవాడు. ఆమె కూడా ఏది కట్టడం అని ఒక్కమాట అడిగి ఉండాల్సింది కదా అని ఒకరోజు అనుకున్నాడు. ఆ అనుకోవడం ఆయనకే అసహ్యం వేసింది. ఈలోగా రద్దు కాగితం తయారై బల్లమీద కూర్చుంది. దాన్ని పంపితే హెప్సిబా కొట్టు కాగితంమీద కూడా ఉండదు. ఆదివారం పొద్దున్న ఒక కవరులో తన దాపుడు డబ్బు పెట్టుకుని కైకలూరు బస్సెక్కాడు. కొల్లేటిమీద గాలి కిటికీలోంచి కొడుతుంటే, మొదటి వాక్యం ఎలా మొదలుపెట్టాలో మననం చేసుకుంటూనే ఉన్నాడు. మండవల్లిలో ఆటో దిగేసరికి ఒక్క ముక్క గుర్తులేదు.

షెడ్డుముందు కూల్‌డ్రింకుల వ్యాపారి బోర్డు అప్పటికే గోడకి ఆనించి ఉంది. విశ్వాసం లుంగీ ఎగ్గట్టి, గునపంతో నల్లబండ పెకలిస్తున్నాడు. హెప్సిబా ముక్కలు గంపకెత్తుతోంది. చర్చినుంచి వస్తూ ఆగిన పుష్పమ్మ గుమ్మంలో నిలబడి, ఎలా పెకలించాలో అతనికి నేర్పుతోంది.

"రండి సార్!" అన్నాడు విశ్వాసం. "రద్దు కాగితానికి మీరే రావాలాండీ? కబురంపితే లారీ వేసుకొచ్చేవాణ్ణి కదా!"

"కాగితానికి రాలేదు" అన్నాడు మోయిన్. హెప్సిబా అలవాటుగా ప్లాస్టిక్ కుర్చీ కోసం చూసింది. అది కూడా కాలిపోయింది. ఆయన నిలబడే చెప్పాడు. "ఆ రోజు ఫోనులో నేను కట్టేశారా అన్నాను. అంతే అన్నాను. ఇన్సూరెన్సు అనలేదు. మీరు వల సంగతి అనుకుని కట్టేశామన్నారు. నేను డబ్బు అనుకున్నాను. మీరు అబద్ధం ఆడలేదమ్మా. నేనే మీకు గుర్తు చెయ్యలేదు."

 హెప్సిబా గంప కింద పెట్టింది. ఆమె అడుగుతుందని ఆయన సిద్ధపడిన ప్రశ్నలు వేరు. ఆమె అడిగింది వేరు.

"అయితే మీరు వల గురించి అడగలేదాండీ?"

"లేదమ్మా."

"అప్పుడు పెద్దవల కడుతున్నామని అసలు మీకు తెలుసాండీ?"

తెలుసు అంటే సరిపోయేది. "తెలీదు. మీరు చెప్పే ఉంటారు. నేను వినలేదు."

ఆమె ముఖం చిన్నబోయింది. సరుకు కాలిన మర్నాడు కూడా ఆ ముఖం అలా లేదు. మోయిన్ నేలకేసి చూశాడు.

విశ్వాసం గునపం వదిలేశాడు. "ఏమే, అయితే నువ్వు అబద్ధం ఆడలేదా?"

"ఆడానని ఎవరన్నారు?"

"నువ్వే కదే, అనే ఉంటానన్నావు!"

"సార్ అన్నారని అన్నాను. పెద్దాయన అందరిముందూ నాకు బాగా గుర్తు అంటే, కాదు మీరు తప్పని అంటానా?"

విశ్వాసం తల గోక్కున్నాడు. "గౌహతి డాబాలో డ్రైవర్లందరి ముందూ తిట్టాను కదే నిన్ను."

"తెలుసు. వాళ్ళ నవ్వులు వినపడ్డాయి. తాళం ఇలా తే."

"సోడాలాయనకి మాటిచ్చానే..."

"ఇచ్చింది నువ్వు. నువ్వే వెళ్ళి తీసుకో."

అతను మొలలోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. మోయిన్ ఇదే అదననుకుని కవరు తీశాడు. ఆమె వద్దంటుందని, బతిమాలాల్సి వస్తుందని అనుకున్నాడు. ఆమె తీసుకుని పుష్పమ్మకిచ్చింది. "పిన్నీ, ఎంతుందో చూసి గ్రూపు పేర్న రాయి. సార్, ఊరికే వద్దననండీ. మీ వల్ల పోయింది, కొంతైనా మీరు పెట్టాలి కదా. కానీ డబ్బుతో నైలాను వస్తుంది, మనుషులు రారండీ. వాళ్ళు మళ్ళీ నాతో కూర్చోకపోతే నాకు కొట్టు లేదు. నేను చెప్తే నమ్మరు. మీరు చెప్పాలి."

"అలాగేనమ్మా. అందరినీ ఇక్కడికి పిలిస్తే ఒక్కసారే..."

"ఇక్కడ కాదండీ. వాళ్ళు నన్ను ఎవరి గడపలో వాళ్ళు అన్నారు. ఆ గడపల్లోనే చెప్పండి. ఆదివారం కదండీ, ఆరాధన అయ్యాక అందరూ ఇళ్ళదగ్గరే ఉంటారు." తరవాత మొగుడివైపు తిరిగింది. "నువ్వు కూడా పద. గౌహతిలో అన్నావు, ఇక్కడ విను."

బయలుదేరబోతుంటే ఇంకో మాట అంది, మెత్తగానే. "మా లెక్కలు ఇక వేరేవాళ్ళకి చూపించుకుంటానండీ. కోపం అనుకోకండి."

"అనుకోనమ్మా" అన్నాడు మోయిన్.

ముందు పుష్పమ్మ, వెనక మోయిన్, ఆయన వెనక పెళ్ళికూతురి తరపు చుట్టంలా చేతులు కట్టుకుని విశ్వాసం. మొదటి ఇంటి దగ్గర మోయిన్ తన పద్ధతిలోనే తేల్చేద్దామనుకున్నాడు. "హెప్సిబా అబద్ధం ఆడలేదమ్మా. పొరపాటు నాది."

"ఏం పొరపాటండీ?" అంది ఆ ఇంటావిడ.

మొదట్నుంచీ చెప్పాల్సివచ్చింది. ఫోనూ, వలా, డబ్బూ, రసీదూ. లోపల మంచంమీంచి ఆమె మొగుడు పకపకా నవ్వాడు. "ఈ కట్టడం ఆ కట్టడం అనుకున్నాడంటే! అంత పెద్ద చదువు చదివి!" ఆమె లోపలికి తిరిగి "నోరు ముయ్యవయ్యా" అని, ఇటు తిరిగి, "పాపం ఆ పిల్లని ఎన్ని మాటలన్నానండీ" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండో ఇంటావిడ గడప దాటి బయటికి రాలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. అంతా విని, "అయితే మా అప్పు ఎవరు కడతారండీ?" అంది.

"కొంత ఇచ్చానమ్మా. మిగతాదానికి బ్యాంకుతో నేను మాట్లాడతాను."

"ఫోనులోనాండీ?" అని తలుపు దగ్గరగా వేసుకుంది. విశ్వాసానికి నవ్వొచ్చింది. పుష్పమ్మ చూసిన చూపుకి దాన్ని మింగేశాడు.

మూడోది దీనమ్మ ఇల్లు. కోడలు గ్రూపులో ఉంది గాని చర్చినుంచి ఇంకా రాలేదు. ముసలామె ఒక్కతే చూరుకింద నులకమంచంమీద కూర్చుని ఉంది. వయసులో వలలు అల్లిన మనిషి, ఇప్పుడు చెవులు దూరం.

"కోడలికి నేను చెప్తాను, ఏంటో చెప్పు బాబూ" అంది.

మోయిన్ చెప్పాడు.

"ఏంటి? కాస్త గట్టిగా చెప్పు."

మళ్ళీ చెప్పాడు.

"గట్టిగా నాయనా. నోట్లో నోట్లో మాట్లాడితే నాకెట్టా?"

వీధిలో గోళీలాడుతున్న పిల్లలు ఆట ఆపారు. ఎదురింటి అరుగుమీద ఇద్దరు మగాళ్ళు ఇటు తిరిగారు. మోయిన్ వంగి ఆమె చెవి దగ్గరికి వెళ్ళబోయి, ఎందుకో మానుకుని, నిటారుగా నిలబడ్డాడు.

"తప్పు నాదమ్మా! హెప్సిబా అబద్ధం ఆడలేదు! కట్టేశారా అని నేనడిగితే ఆమె వల కట్టేశానంది, నేను డబ్బు కట్టేసిందనుకున్నాను!"

అంత పెద్ద గొంతుతో ఆయన పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ మాట్లాడలేదు. చెవులు వేడెక్కిపోయాయి. దీనమ్మ మాత్రం ఇన్సూరెన్సు ఊసే ఎత్తలేదు. ఆమె ముఖం విప్పారింది.

"ఆ పెద్దవలా! ఎన్ని బారలు?"

"తెలీదమ్మా."

"ఆఁ?"

"తెలీదు!"

"అదేంటి నాయనా. కట్టేశారా అని నువ్వే అడిగావు, ఎంత వలో నీకే తెలీదా?"

 విశ్వాసం గోడమీది బల్లిని చూస్తున్నాడు. పుష్పమ్మ అప్పటికే పక్కింటి గుమ్మంలో నిలబడి పిలుస్తోంది. "ఒదినా, ఓసారి బయటికి రా. సార్ ఏదో చెప్తారంట."